గుణింతం తప్పు

తమ్ముడు చలికాలంలో పోయాడు. ఎండలు ముదిరేసరికి ఊళ్లో వాడికి బోలెడుమంది బంధువులు పుట్టుకొచ్చారు. బతికున్నన్నాళ్లూ వాణ్ణి "లారీగాడు" అని తప్ప పిలవనివాళ్లు, ఎదురుపడితే పలకరించడానికి నోరు నొప్పెట్టినవాళ్లు, అందరూ ఇప్పుడు "మనవాడు" అంటున్నారు. చర్చి నోటీసు బోర్డు మీద వాడి ఫొటో అంటించి "ఈ ఊరి ముద్దుబిడ్డ" అని రాశారు. ముద్దు ఎవరు పెట్టారో, ఎప్పుడు పెట్టారో నాకు తెలీదు. నాకు తెలిసి ఈ ఊరు వాడికి పెట్టినవి చీవాట్లే.

ఒక ఆదివారం సాయంత్రం స్మారక కమిటీ మా ఇంటికి వచ్చింది. కమిటీ అంటే ముగ్గురు. సిమెంటు కొట్టాయన అధ్యక్షుడు. ఊళ్లో ఏ కమిటీ వేసినా ఆయనే అధ్యక్షుడు, దోమల నివారణ కమిటీతో సహా. రిటైరైన తెలుగు మాస్టారు కార్యదర్శి. పాస్టరుగారికి ఎవరినీ కాదనడం చేతకాదు కాబట్టి ఆయన గౌరవ సలహాదారు. నేను బట్టలు కుట్టే ముందు గదిలోనే ముగ్గురూ కూర్చున్నారు. కుర్చీల మీద కత్తిరించిన జాకెట్టు ముక్కలు ఉంటే నేనేమీ తీయలేదు. వాళ్లే తీసి ఒళ్లో పెట్టుకున్నారు.

"అమ్మా, మీరు కన్నది కొడుకుని కాదు, సింహాన్ని!" అన్నాడు సిమెంటాయన, ఒళ్లో ఎవరిదో గులాబీరంగు జాకెట్టు చెయ్యితో.

"పుట్టినప్పుడు దూదిపింజంత ఉన్నాడు బాబూ" అంది అమ్మ.

"ఐదుగుర్ని మట్టుబెట్టాడట కదా ఒక్కడే?"

"వాడు నీళ్ల లారీ తోలాడండీ" అన్నాను నేను. "కొండ మీద ఉన్నవాళ్లకి తాగే నీళ్లు తీసుకెళ్లేవాడు."

"ఆ, తోలుతూనే, తోలుతూనే" అన్నాడాయన, ఏ మాత్రం తొణక్కుండా.

తుపాకీ పట్టుకున్న ఫొటో ఉందా అని మాస్టారు అడిగాడు. మా దగ్గర వాడు సైన్యంలో తీయించుకున్న ఫొటో ఒక్కటే ఉంది. లారీ బానెట్టు మీద కాళ్లు వేలాడేసుకుని కూర్చుని అరటిపండు తింటూ, నోరు నిండా ఉండగా నవ్వుతున్న ఫొటో. మాస్టారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "పరవాలేదు, పండు తీసేసి తుపాకీ పెట్టించొచ్చు. కంప్యూటర్లో ఇప్పుడన్నీ అవుతాయి" అన్నాడు. ఫొటో ఆయన చేతిలోంచి లాక్కుని పెట్టెలో పెట్టేశాను.

అప్పుడే వాళ్లని గుమ్మం దాకా సాగనంపేదాన్ని. కానీ అమ్మ మొహం చూసి ఆగాను. తమ్ముణ్ణి అక్కడే, వాడు పోయిన చోటికి దగ్గర్లో, సైనికుల శ్మశానంలో పూడ్చారు. మేం వెళ్లగలిగిన దూరం కాదు. మా ఇంటికి వచ్చింది ఒక సంచీ, ఒక వాచీ, మడతపెట్టిన జెండా. ఆ వాచీ అమ్మ దిండు కింద ఉంది. అమ్మ ఆ రోజు నుంచి ఏడవలేదు, పనిలో తప్పు చేయలేదు, అన్నం మానలేదు. ఏ పని చేస్తున్నా ఏదో ఎక్కడ పెట్టిందో మర్చిపోయి వెతుక్కుంటున్న మనిషిలా ఉండేది, అంతే.

"రాయి ఎక్కడ పెడతారు బాబూ?" అని అడిగింది.

"లోపల పక్క గోడకి. మీరు రోజూ కూర్చునే బెంచీకి ఆనుకునే అనుకోండి."

"చేత్తో అందుతుందా?"

ముగ్గురూ ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. అందుతుందమ్మా అన్నారు పాస్టరుగారు. అమ్మ తల ఊపింది. వాళ్లు వెళ్లాక నేను నోటికొచ్చినట్టు తిట్టిపోస్తుంటే, "పోనీలేవే, వాడికంటూ ఒక చోటుంటుంది కదా" అంది. అమ్మకి ఆ రాయి కావాలి. ఆ రాయి వాళ్ల చేతుల్లో ఉంది. ఇక ఈ ఎండాకాలమంతా వాళ్లని భరించాల్సిందే అనుకున్నాను.

అమ్మ వాళ్లని కోరింది ఒక్కటే. రాయి మీద నీళ్ల లారీ సంగతి రాయమంది. "డ్రైవరు అని రాస్తే గంభీరంగా ఉండదమ్మా" అన్నాడు మాస్టారు. "వీరుడు అన్నాక అందులో అన్నీ వచ్చేస్తాయి."

వెళ్తూ వెళ్తూ సిమెంటాయన గుమ్మంలో ఆగి, "అమ్మాయ్, ఆవిష్కరణకి ఒక తెర కావాలి. ఎర్ర మఖ్మల్ గుడ్డ పంపిస్తా. నువ్వు సేవగా కుట్టిపెట్టు" అన్నాడు. వాళ్ల కమిటీలో సేవ చేసేది నేనొక్కదాన్నే అని అప్పుడు అర్థమైంది.

ఆ బెంచీ సంగతి చెప్పాలి. అమ్మ ఆ చర్చి ఊడ్చి, తుడిచి మా ఇద్దర్నీ పెంచింది. తమ్ముడికి నడక రాకముందు ఇంట్లో వదిలే దిక్కులేక వెంట తీసుకెళ్లేది. పాత చీర పీలిక వాడి నడుముకు కట్టి, రెండో కొస గోడ పక్క బెంచీ కాలికి ముడేసేది. ఆ పీలిక పోనిచ్చినంత దూరం వాడు ఆ చల్లటి నేల మీద పారాడేవాడు. అమ్మ తుడిచిన చోటే మళ్లీ తడిపేవాడు. ఒకరోజు సిమెంటాయన లోపలికి వచ్చాడు. అప్పటికి కొట్టు చిన్నది గానీ గొంతు ఇదే. "దేవుడి ఇంట్లో పిల్లాణ్ణి పారాడిస్తావా? ఇదేమైనా మీ ఇల్లనుకున్నావా?" అని అందరిముందూ అమ్మని కడిగిపారేశాడు. నేను చీపురు పట్టుకుని పక్కనే ఉన్నాను. అమ్మ వంగి పీలిక ముడి విప్పడం నాకింకా గుర్తే. మర్నాటి నుంచి వాణ్ణి వీపుకి కట్టుకుని తుడిచేది.

తమ్ముడి స్నేహితుడు వచ్చింది మండుటెండలో, వీధిలో కుక్క కూడా కదలని వేళ. వాడి దళంలోనే పనిచేసిన కుర్రాడు. సెలవు మీద ఇంటికి వెళ్తూ మా కోసం రైలు దిగాడట. వరండాలో కూర్చున్నాం. వంటింట్లో అమ్మ గిన్నెలు కడుగుతోంది. కుళాయి చప్పుడు మా మాటల్ని సగం మింగేస్తోంది.

"అక్కా, పైన ఉన్నవాళ్లకి వాడంటే ప్రాణం" అన్నాడు. "వాడి హారన్ వినపడితే చాలు, పండగే. పాట వాయించేవాడు హారన్‌తో. వరసా పాడూ ఉండేది కాదనుకో."

"ఎలా పోయాడు? ఉత్తరంలో 'విధి నిర్వహణలో' అని రాశారు. అంతే."

వాడు తలవంచుకుని చెప్పాడు. ఆ రోజు కొండ మలుపులో ఫిరంగి గుండు లారీ పక్కనే పడిందట. తమ్ముడు బయటపడ్డాడు గానీ కాళ్లు పోయాయి. ఎవరూ అక్కడికి వెళ్లడానికి వీల్లేదు, ఇంకా గుండ్లు పడుతున్నాయి.

"మోచేతుల మీద పాక్కుంటూ వచ్చాడక్కా, మా పోస్టు దాకా. చిన్నపిల్లాడు పారాడినట్టు..." అని ఆగిపోయాడు. "దగ్గరికొచ్చాక లాక్కున్నాం. ఒకటే మాట. 'నీళ్లు పోతున్నాయిరా, ఎవరైనా వెళ్లి కుళాయి కట్టండి' అని. ట్యాంకు తూట్లు పడిపోయింది, ఇంకేం కుళాయి! అదే అంటూ అంటూ పోయాడు."

"తుపాకీ?"

"లారీలోనే ఉండిపోయింది. అదెప్పుడూ సీటు వెనకే ఉండేది. దాని మీద తువ్వాలు ఆరేసుకునేవాడు."

నాకు నవ్వు వచ్చింది. నవ్వుతూనే ఏడ్చాను. ఈ సంగతి అమ్మకి చెప్పొద్దని వాడిచేత ఒట్టు వేయించుకున్నాను. వీరుడని ఊరంతా అంటోంది, అలాగే అనుకోనీ, వాడు నేల మీద ఈడ్చుకుంటూ వచ్చాడని ఏ తల్లి వినగలుగుతుంది? లోపల కుళాయి చప్పుడు ఎప్పుడు ఆగిందో నేను గమనించలేదు. అమ్మ పెద్ద గ్లాసుతో మంచినీళ్లు తెచ్చి కుర్రాడికి ఇచ్చింది. వాడు తాగాక గ్లాసు తీసుకెళ్లి మళ్లీ నింపి తెచ్చింది.

ఆ తర్వాత రోజుల్లో కమిటీ కాళ్లకి బలపాలు కట్టుకుని తిరిగింది. మీటింగు మీటింగుకీ తమ్ముడు చంపినవాళ్ల లెక్క పెరిగింది. ఐదుగురు కాస్తా ఎనిమిదిమంది అయ్యారు, ఒక మీటింగులో సమోసాలు బాగున్నాయో ఏమో డజను దాకా వెళ్లారు. చీమని చూసినా పక్కకి తప్పుకునే వాణ్ణి పట్టుకుని కసాయివాణ్ణి చేశారు, అదీ పొగడ్త అనుకుంటూ.

అసలు గొడవ మాత్రం పేర్ల దగ్గర వచ్చింది. తమ్ముడి పేరు కాదు. రాయి కింద సగంలో కమిటీ పేర్లు చెక్కాలట. ఎవరి పేరు ముందు, ఎవరి పేరు వెనక, ఎవరికి "శ్రీ", ఎవరికి "గౌరవనీయులు" అని నెలరోజులు కొట్టుకున్నారు. సిమెంటాయన తన పేరు పక్కన కొట్టు పేరు కూడా ఉండాలన్నాడు. మాస్టారు తన పేరు తర్వాత డిగ్రీలన్నీ వేయాలన్నాడు. చివరికి పాస్టరుగారు "ప్రార్థన చేసి ఆలోచిద్దాం" అన్నారు. ఆయన ఏ గొడవకైనా అదే అంటారు. ఆయన ప్రార్థన ముగిసేలోపు సిమెంటాయన మాటే నెగ్గుతుంది.

తెర కొలతలకని నేను సమాధిరాళ్ల షాపుకి వెళ్లినరోజు కమిటీ కూడా అక్కడే ఉంది. నల్లరాయి బల్ల మీద పడుకోబెట్టి ఉంది. పై సగం చెక్కడం అయిపోయిందని దాని మీద గోనెపట్టా కప్పారు. చెక్కే ఆయన ఒళ్లంతా పిండి మరలోంచి వచ్చినట్టు తెల్లగా ఉన్నాడు.

"సార్, పైన మాటలు ఒకసారి చదివి చూసుకోండి. మీరు ఫోన్లో చెప్పారు కదా, బండి చప్పుడులో సరిగ్గా వినపడలేదు" అన్నాడు సిమెంటాయనతో.

"అది మాస్టారు రాసిందేనయ్యా, నేను చదివి చెప్పాను. దానికేం తిరుగుండదు. ముందు ఇక్కడ నా ఇంటిపేరుకి సున్నా పెట్టలేదు, చూశావా?"

"నా డిగ్రీల మధ్య చుక్కలేవి?" అన్నాడు మాస్టారు, కళ్లద్దాలు రాయికి ఆనించి.

ముగ్గురూ కింద సగం మీద వంగి సున్నాలూ చుక్కలూ వెతుక్కుంటున్నారు. పాస్టరుగారు కూడా. పట్టా ఎత్తి చూసినవాళ్లు లేరు. నేను టేపు పట్టి పొడవూ వెడల్పూ చూసుకుని వచ్చేశాను. వాళ్లతో కలిసి ఊపిరి పీల్చడమే నాకు ఎక్కువ అనిపించింది.

ఆవిష్కరణకి ముందురోజు రాయిని గోడకి బిగించారు. మధ్యాహ్నం నేనూ అమ్మా తెర తీసుకుని వెళ్లాం. ఎర్ర మఖ్మల్, ఇత్తడి రింగులు, లాగడానికి పక్కన తాడు. చర్చిలో ఎవరూ లేరు. స్టూలెక్కి కడ్డీకి రింగులు ఎక్కిస్తూ రాయి చదివాను.

పైన వాడి పేరు సరిగ్గానే ఉంది. దాని కింద పెద్ద అక్షరాల్లో "ఈ నేలపై పుట్టి పారాడిన వీరుడు" అని ఉంది.

ఎవరు చెప్పారు వీళ్లకి? ఆ కుర్రాడు ఒట్టు తప్పాడా? స్టూలు మీదే గోడ పట్టుకుని నిలబడ్డాను. తర్వాత మెల్లిగా తట్టింది. మాస్టారు రాసింది "పోరాడిన" అయ్యుంటుంది. సిమెంటాయన బండిలోంచి ఫోన్లో అరిచింది చెక్కే ఆయనకి "పారాడిన" అని వినపడింది. ఓత్వం పోయి దీర్ఘం మిగిలింది. కింద చుక్కలూ సున్నాలూ మాత్రం కళ్లకద్దుకోవాలన్నంత చక్కగా ఉన్నాయి.

నిజం చెప్తున్నా, ఆ తర్వాత నాకు పట్టరాని సంతోషం వేసింది. రేపు ఊరంతా, తాడు లాగడానికి వచ్చే పెద్ద మిలిటరీ అధికారీ చూస్తుండగా తెర జరిగితే వీళ్ల మొహాలు ఎలా ఉంటాయో ఊహించుకున్నాను. ఒక్కమాట అనను. తాడు నేనే నూనె రాసి మరీ సిద్ధం చేస్తాను. తగిన శాస్తి అవుతుంది వెధవలకి.

"ఏం రాశారే?" అంటూ అమ్మ బెంచీ మీంచి లేచి వచ్చింది. అమ్మ చదువు పాటల పుస్తకంతో వచ్చినంతే. ఒక్కొక్క అక్షరం కింద వేలు పెడుతూ, పెదాలు కదుపుతూ చదువుతుంది. నేను అడ్డుపడేలోపే వేలు మొదటి అక్షరం మీద ఉంది.

"ఈ... నే...ల...పై... పు...ట్టి..." వేలు పక్కకి జరిగింది. "పా... రా... డి... న..."

అక్కడ ఆగింది. మళ్లీ వెనక్కి వెళ్లి ఆ ఒక్క మాటా చదివింది. నేను కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి అమ్మ రాయికి అరచెయ్యి ఆనించి నిలబడి ఉంది. మొహం నిండా కన్నీళ్లు. చలికాలం నుంచి నేను చూడని నవ్వు.

"వీళ్లకెలా తెలిసిందే?" అంది.

"ఏది?"

"ఇక్కడే కదే పారాడాడు. ఈ నేల మీదే. ఆ బెంచీ కాలికి కట్టేదాన్ని, నీకు గుర్తుందా? ఎవరు గుర్తుపెట్టుకుని రాశారో, వాళ్ల కడుపు చల్లగా ఉండాలి."

నా సంతోషమంతా చేదైపోయింది. రేపు ఊరు నవ్వితే ఎల్లుండి ఆ మాట చెరిపేస్తారు. అది చెరిపేస్తే అమ్మకి ఆ రాయిలో మిగిలేది సిమెంటు కొట్టు పేరూ మాస్టారి డిగ్రీలూనూ. రింగులన్నీ ఎక్కించి తెర మూసేశాను. ఎవరూ చదవకూడదు దేవుడా అని, ఆ చర్చిలో నేను చాలా ఏళ్ల తర్వాత ప్రార్థన చేశాను.

నా ప్రార్థన వినడానికి దేవుడికి పెద్ద కష్టమేం కాలేదు, ఆ ఊళ్లో చదివే అలవాటు ఎవరికుంది గనక? మర్నాడు బ్యాండు మోగింది. అధికారి తాడు లాగాడు. ఆయనకి మన భాష రాదు, కాబట్టి చాలా గంభీరంగా చదివినట్టు నిలబడ్డాడు. సిమెంటాయన జేబులోంచి కాగితం తీసి "ఈ నేలపై పుట్టి పోరాడిన వీరుడు!" అని మైకులో గర్జించాడు. జనం చప్పట్లు కొట్టారు. తర్వాత కమిటీ పెళ్లాంపిల్లలతో సహా రాయి దగ్గరికి తోసుకొచ్చి, కింద సగం పడేలా ఫొటోలు తీయించుకుంది. తమ్ముడి పేరు ఒక్క ఫొటోలోనూ పడి ఉండదు.

మాస్టారు ఒక్కడు ఎందుకో తలెత్తి పైకి చూశాడు. నోట్లోకి ఈగ దూరినట్టు అయిపోయాడు. చుట్టూ చూశాడు, నన్ను చూశాడు. నేను ఆయన వంకే చూస్తున్నాను. నోరు మూసుకుని కుక్కిన పేనులా వెళ్లి కుర్చీలో కూర్చున్నాడు.

కానీ ఎన్నాళ్లు దాగుతుంది? రెండు రోజులకి బడిపిల్లలు పట్టేశారు. మూడో రోజుకి బజారంతా అదే మాట. సిమెంటు కొట్టుకి వెళ్లినవాళ్లు "ఏమండీ, మీ పారాడే వీరుడు ఎలా ఉన్నాడు?" అని అడగడం మొదలెట్టారు. తమ్ముడి చావు కన్నా ఆ మాట ఆయన్ని ఎక్కువ బాధపెట్టిందని నేను ప్రమాణం చేసి చెప్పగలను.

తర్వాతి ఆదివారం ఆరాధన అయ్యాక కమిటీ ఉండిపోయింది. చెక్కే ఆయన ఉలీ సుత్తీ పట్టుకుని వచ్చాడు. దీర్ఘాన్ని పైకి తిప్పి ఒక వంపు చెక్కితే "పో" అయిపోతుందట, అరగంట పనట. రాయి అందాలంటే అమ్మ కూర్చున్న బెంచీ జరపాలి. అమ్మ లేవలేదు.

"కాస్త లేవండమ్మా. చిన్న పొరపాటు జరిగింది, సరిచేసేస్తాడు" అన్నాడు సిమెంటాయన.

"ఏం పొరపాటు బాబూ?"

"అక్కడ పోరాడిన అని ఉండాలి. వీడు పారాడిన అని చెక్కాడు."

అమ్మ రాయి వంక చూసింది. మళ్లీ ఆయన వంక చూసింది. ఎవరో గుర్తుపెట్టుకుని రాసింది కాదని, ఫోన్లో వినపడక జరిగిందని అప్పుడు తెలిసింది అమ్మకి. ఆ నిమిషం నేను సిమెంటాయన్ని చంపేసేదాన్ని.

"ఉండనివ్వండి బాబూ" అంది అమ్మ మెల్లిగా.

"అదేంటమ్మా! ఊరంతా నవ్వుతోంది. మీ అబ్బాయి పరువు..."

"వాడు పోరాడాడో లేదో మీరూ చూడలేదు, నేనూ చూడలేదు. పారాడటం నేను చూశాను. ఇక్కడే." అని చెయ్యి కిందికి చూపించింది. "మీరూ చూశారు. కోప్పడ్డారు కూడా."

సిమెంటాయన మొహం మాడిపోయింది. గుర్తొచ్చిందో, గుర్తురానట్టు నటించాడో గానీ గొంతు మాత్రం తగ్గింది. "అమ్మాయ్, నువ్వైనా చెప్పు మీ అమ్మకి" అన్నాడు.

"మా అమ్మ లేచేదాకా కూర్చోండి. బెంచీలు బోలెడున్నాయి" అన్నాను.

మాస్టారు ఏదో వ్యాకరణం చెప్పబోయాడు. అమ్మ బెల్లంకొట్టిన రాయిలా కూర్చుంది. చెక్కే ఆయన కాసేపు చూసి, ఉలి సంచీలో పెట్టుకుని, "ఆవిడ లేచిన రోజు ఫోన్ చేయండి సార్. ఈసారి బండిలోంచి చేయకండి" అని వెళ్లిపోయాడు. పాస్టరుగారు "ప్రార్థన చేసి ఆలోచిద్దాం" అన్నారు. ఆయన ఆ మాట సరైన చోట అనడం అదే మొదటిసారి.

బయటికి కనపడే రాయి పరువు తీస్తోందని కమిటీ నేను కుట్టిన తెర మూసేసింది. సరిచేసేదాకా తీయొద్దని కాగితం అంటించారు. అమ్మ చర్చికి వెళ్లినప్పుడల్లా తెర కిందినుంచి చెయ్యి పెట్టి తడిమి వచ్చేది.

అది రెండు ఆదివారాలు కూడా నిలవలేదు. ఎందుకంటే తెర మూస్తే కింద సగం కూడా మూతపడింది. సిమెంటాయన వియ్యంకుడు పొరుగూరి నుంచి పనిగట్టుకుని వచ్చి, పేరు చూడబోతే ఎర్రగుడ్డ కనపడిందట. ఇంట్లో గొడవైందట. సగం తెర కుట్టమని నాకు కబురు పెట్టారు. మిషను పాడైందని చెప్పి పంపాను. మర్నాటికల్లా తెర పీకేసి, "ఇంక అక్కర్లేదు, ఏదైనా కుట్టుకో" అని మా ఇంటికే పంపించేశారు.

ఇక మాస్టారు రంగంలోకి దిగాడు. నోటీసు బోర్డు మీద వాడి ఫొటో పక్కన ఒక పెద్ద వివరణ అంటించాడు. పారాడుట అనగా ప్రాచీన కావ్యభాషలో సంచరించుట అనియు, రణరంగమున వీరుడు సింహమువలె సంచరించెనని భావమనియు, ఈ పదమును కమిటీవారు మిక్కిలి ఆలోచించి ఎంపిక చేసిరనియు రాశాడు. ఊరు నమ్మింది. ఆ ఊరు దేన్నైనా నమ్ముతుంది, కాస్త అర్థం కాకుండా చెప్తే చాలు. ఇప్పుడు పిల్లలు ఆ మాటని పరీక్షల్లో వాడుతున్నారని విన్నాను.

తొలకరి పడిన రోజు ఆ మఖ్మల్‌తో అమ్మ బెంచీకి మెత్త కుడుతున్నాను. మోకాళ్ల నొప్పులతో గట్టి చెక్క మీద ఎక్కువసేపు కూర్చోలేకపోతోంది. అమ్మ నా పక్కన నేల మీద కూర్చుని దూది విడదీస్తోంది. బయట చూరు నుంచి నీళ్లు కారుతున్నాయి.

"ఎలాగైతేనేం, ఒక్క నిజం మిగిలిందే దాని మీద" అంది అమ్మ.

"అదీ పొరపాటున."

"పొరపాటేం కాదులే. మొదట పారాడింది నేను చూశాను. ఆఖర్న చూడలేకపోయాను, అంతే."

మిషను మీద నా కాలు ఆగిపోయింది. అమ్మ తలెత్తలేదు. దూది విడదీస్తూనే ఉంది.

"విన్నావా?" అన్నాను. "వంటింట్లో ఉన్నావు కదా. గిన్నెలు కడుగుతూ..."

"కుళాయి కట్టేశాను కదే" అంది అమ్మ.